దూది పట్టిన పెట్టె

ఆదోనిలో ఏ మిషనుకైనా వచ్చే రోగం ఒకటే.
దూది.
వారానికోసారి స్క్రూలు ఇప్పి
పళ్లబ్రష్షుతో ఫ్యాను రెక్కలు గీకుతా.
జిన్నింగు మిల్లు గాలి
నా షట్టరు కింద దూరొచ్చి
తెల్ల పెట్టెల ఊపిరితిత్తుల్లో పడుకోనుంటాది.
వేళ్లతో లాగితే
ఒక దీపం వత్తికి సరిపోను వస్తాది.

మూడు తెల్లవి, ఒక నల్లది.
చీటీ పాటలో ఎనిమిది వేలు తగ్గించి పాడి
తెచ్చినా ఆ తెల్లవి.
అప్పుడు పిల్లోళ్లు చెప్పులు బయట గుట్ట పోసి
గోడకానుకొని వంతు కోసరం నిలబడేటోళ్లు.
ఇప్పుడు వంతంతా నల్లదాని ముందరే.
కొత్త ఆట ఏదొచ్చినా దానికే వస్తాది,
తెల్లదానికి "తొందర్లో" అని వస్తాది.
తొందర్లో అంటే ఎన్నాళ్లో
ధర కోసరం పత్తి దాచుకున్నోన్ని అడుగు, చెప్తాడు.

సాయంత్రమైతే పంచాయితీ.
"అయిపోయిందన్నా దీని పని,
కంపెనీవోళ్లే చేతులెత్తేసినారు" అంటాడు తిక్కస్వామి.
మాబుకు రోషం.
"యాడైపోయిందిరా? ధర తగ్గించినారు.
పండక్కి పెద్దాట ఇడుస్తారంట.
పోయినసారి ఇట్లే పడి లేయలేదా?"
"పడి లేసింది వేరే కంపెనీ లేబ్బీ."
"ఎవురైతే ఏం, పడేది పడేదే గదా!"
ఇద్దరి ఇండ్లల్లోనూ ఏ పెట్టే లేదు.
జపానోళ్ల లాభనష్టాలు
ఒగ్గాని తింటా, మిరపకాయ బజ్జీ కొరుకుతా తేలుస్తాండారు.
నేను వినీవిననట్టు కుర్చీలు సర్దుతా.
వాళ్లు మాట్లాడేది
నా మూడు నెల్ల బాడుగ గురించి.

మొన్న బళ్లారి నుంచి సేటు వచ్చె.
యార్డులో తేమ చూసేటోడు
బోరెంలోకి చెయ్యి దూర్చినట్టు
పెట్టె వెనక చెయ్యి పెట్టి చూసె.
"మూడూ ఇచ్చి, పైన ఆరువేలు పెట్టు.
ఒక నల్లది ఇస్తా. పాతదే."
"ఇది తేరుకుంటే?" అంటి.
సేటు నవ్వలేదు.
భయమేసింది అప్పుడే.
నవ్వేటోనితో బేరమాడొచ్చు.
"లోపలుండేదంతా తుడిచిపెట్టు, ఎల్లుండొస్తా."

రాత్రి షట్టరు సగం దించి కూచున్నా.
తుడిచే ముందర అది చూపిస్తాది,
ఎవురెవురు ఎంత దూరం పోయినారో.
మునెప్ప, పదకొండో మెట్టు. ఇప్పుడు బళ్లారిలో
జీన్సు ప్యాంట్లకు గుండీలు కొడతాండాడు.
మాబు. మాబు రెండు. మాబు కింగు.
"అఅఅఅ" అని ఎవుడో తొందరున్నోడు.
పేరే పెట్టనోడు ఒకడు, మూడో మెట్టు కాడ
ఆరేండ్ల నుంచి ఎగరబోతా నిలబడుండాడు.
మొదటిదాంట్లో తుడిచినా.
రెండోదాంట్లో కండ్లు మూసుకొని తుడిచినా.
మూడోదాంట్లో అన్నిటికంటే పైన
ఉరుకుందమ్మ, నలభయ్యో మెట్టు.

మధ్యాన్నాలు వస్తాదా పాప,
పిల్లోళ్లు లేని టైము చూసి, సగం రేటుకు.
వాళ్లమ్మ మిల్లులో గుడ్డిపత్తి ఏరుతాది,
బిడ్డ జడలోనూ అదే పత్తి.
ఎవురూ ముట్టని పెట్టె గనక
ఎవురూ లెయ్యమనరు.

ఈ పొద్దు రెండే మూట గట్టినా.
రెండిట్లకు లెక్క కుదరదంటాడు సేటు, తెలుసు.
నాకూ కుదరలేదు, రాత్రంతా వేసినా.

"దీనికింక కొత్తాటలు రావు పాపా" అంటి,
చెప్పాల గదా అని.
"ఉండేదే కాలేదు గదన్నా" అనె,
తెర మీంచి కన్ను తియ్యకుండా.
అంతలోనే కరెంటు పొయ్యె.
పెట్టె లోపలి ఫ్యాను
రెండు సుట్లు తిరిగి నిలిచిపొయ్యె.
బయట ఆటో ఆగిన సప్పుడు,
చిల్లర కోసరం సేటు గొణుగుడు.
చీకట్లో పాప చెయ్యి చాపి
నా నోటుపుస్తకం మీద వేలు పెట్టె:
"కరెంటు లేని పది నిముషాలు పట్టొద్దు.
రాసుకో."